పరిణామమా, రూపకమా? కృష్ణబిల వికిరణాన్ని వివరించే తెలుగు వచనం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

కృష్ణబిలాలు పూర్తిగా నల్లనివి కావని, అవి వేడి వస్తువులవలె వికిరణాన్ని వెలువరిస్తాయని స్టీఫెన్ హాకింగ్ 1974లో ప్రతిపాదించారు. ఆ వికిరణంపై క్వాంటం గురుత్వ ప్రభావం ఎలాంటిదన్నది భౌతికశాస్త్రంలో ఇప్పటికీ తేలని ప్రశ్న. ఈ ప్రశ్న తెలుగు పాఠకుడికి చేరకపోవడానికి విషయ కాఠిన్యం ఒక్కటే కారణం కాదు. మనం వాడుతున్న ఉపమానాలు ఆ ప్రశ్నకు దారి మూసివేస్తున్నాయి. ‘బిలం’, ‘జంటకణాలు’, ‘ఆవిరి’ అనే మూడు ఉపమానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయల పరిణామాలంకార చర్చను, అదే ఊరికి చెందిన మహీధర నళినీమోహన్ విజ్ఞాన రచనాపద్ధతిని కొలమానాలుగా తీసుకొని, వాటికి బదులుగా వాడదగిన ఉపమానాలను సూచిస్తుంది.

కీలకపదాలు: కృష్ణబిలం, హాకింగ్ వికిరణం, క్వాంటం గురుత్వం, పరిణామాలంకారం, విజ్ఞాన వచనం, మహీధర నళినీమోహన్, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనపై వచ్చిన విమర్శ ఎక్కువగా పారిభాషిక పదాల చుట్టూ తిరిగింది. సంస్కృత పదం మేలా, అచ్చతెలుగు మేలా, ఇంగ్లీషు పదాన్ని ఉన్నదున్నట్లు తీసుకోవడం మేలా అన్న చర్చ 1968లో తెలుగు అకాడమీ ఏర్పడక ముందూ ఉంది, తరువాతా ఉంది. అది అవసరమైన చర్చే. కాని పాఠకుడి మనసులో విషయాన్ని నిలబెట్టేది పదం ఒక్కటే కాదు, ఆ పదం వెంట వచ్చే పోలిక కూడా. పదం పొరపాటైతే నిఘంటువు సరిదిద్దుతుంది. పోలిక పొరపాటైతే సరిదిద్దే వ్యవస్థ ఏదీ లేదు. ఆ పని సాహిత్య విమర్శ చేయాలి.

ఆ పనికి హాకింగ్ వికిరణం తగిన ఉదాహరణ. దీన్ని ఎవరూ ఆకాశంలో నేరుగా చూడలేదు. సూర్యుడంత ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉష్ణోగ్రత ఒక కెల్విన్‌లో దాదాపు కోటీ అరవై లక్షలవ వంతు మాత్రమే. విశ్వమంతటా పరచుకొని ఉన్న నేపథ్య వికిరణం ఉష్ణోగ్రత 2.7 కెల్విన్. ఆ వెలుగులో ఈ మినుకును పట్టుకోవడం అసాధ్యం. కంటికి కనిపించే వస్తువును వర్ణించేటప్పుడు పోలిక తప్పినా వస్తువే దాన్ని సరిచేస్తుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు. గణితం తెలియని పాఠకుడికి పోలికే విషయం.

2. ముంగండ నుంచి రెండు కొలమానాలు

నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, పి.గన్నవరం మండలంలో ఉన్న ముంగండ అగ్రహారానికి రెండు విధాల ప్రసిద్ధి ఉంది. పదిహేడో శతాబ్దంలో షాజహాన్ ఆస్థానంలో పండితరాజ బిరుదు పొందిన జగన్నాథుడిది ఈ ఊరే. ‘కొల్లాయి గట్టితేనేమి?’ నవలాకారుడు మహీధర రామమోహనరావుదీ, ఆయన కుమారుడు, మాస్కోలో డాక్టరేట్ పొంది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో శాస్త్రవేత్తగా పనిచేసిన మహీధర నళినీమోహన్‌దీ (1933–2005) ఈ ఊరే. ఒకరు అలంకారికుడు, మరొకరు భౌతికశాస్త్రవేత్త. ఈ ఇద్దరినీ కలిపి చదివే అవసరం ఇంతవరకు పెద్దగా కలగలేదు. విజ్ఞాన వచనంలో పోలికను పరీక్షించాలంటే మాత్రం ఇద్దరూ కావాలి.

జగన్నాథుడు ‘రసగంగాధరం’లో రూపకాన్ని, పరిణామాన్ని వేరుచేసి చర్చించాడు. రూపకంలో ఉపమేయంపై ఉపమానాన్ని ఆరోపిస్తాం. ముఖాన్ని చంద్రుడంటాం. ఆ ఆరోపణతోనే అందం సిద్ధిస్తుంది. పరిణామంలో ఉపమానం అంతటితో ఆగదు. ప్రస్తుత విషయంలో దానికొక పని ఉంటుంది. ఆ పనిని అది స్వతంత్రంగా చేయలేదు, ఉపమేయంగా మారినప్పుడే చేయగలదు. అలంకారశాస్త్ర పాఠాల్లో తరచు చెప్పే ఉదాహరణ నేత్రపద్మంతో చూడడం. తామర చూడలేదు. కన్నుగా పరిణమించినప్పుడే అది చూస్తుంది.

విజ్ఞాన వచనంలోని పోలికకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. పోలిక తన సొంత గుణాలతో పనిచేస్తే అది రూపకం. అందగించవచ్చు, దారీ తప్పించవచ్చు. విషయంగా మారి, విషయానికే ఉపయోగపడితే అది పరిణామం. జగన్నాథుడు కావ్యం కోసం చేసిన విభజన ఇది. దాన్ని శాస్త్ర వచనానికి వర్తింపజేయడం ఈ వ్యాసం చేస్తున్న ప్రతిపాదన. ప్రాచీన గ్రంథాల్లో ఆధునిక భౌతికశాస్త్రం ఉందని చెప్పడం దీని ఉద్దేశం కాదు.

రెండో కొలమానం నళినీమోహన్ రచనా పద్ధతి. ‘కేలెండర్ కథ’, ‘గ్రహణాల కథ’, ‘టెలిగ్రాఫ్ కథ’, ‘పిడుగు దేవర కథ’ అన్న పేర్లలోనే ఆ పద్ధతి ఉంది. ఇక్కడ ‘కథ’ అంటే కల్పన కాదు, మనిషి ఒక విషయాన్ని తెలుసుకున్న క్రమం. నిర్వచనంతో మొదలుపెడితే పాఠకుడు జవాబును కంఠస్థం చేస్తాడు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెబితే జవాబు ఎందుకు అవసరమైందో గ్రహిస్తాడు. తేలని ప్రశ్నలను చెప్పడానికి ఈ రెండో పద్ధతి తప్ప గత్యంతరం లేదు. తేలనిదానికి నిర్వచనం ఉండదు, కథ మాత్రమే ఉంటుంది.

3. ‘బిలం’ అన్న పేరు

‘బ్లాక్ హోల్’ అన్న పేరును 1967 తరువాత ప్రచారంలోకి తెచ్చినవారు జాన్ వీలర్. తెలుగులో అది కృష్ణబిలం, కాలబిలం, నల్లరంధ్రం అని మూడు విధాలయింది. వాటిలో ‘కృష్ణబిలం’ స్థిరపడింది. పేరును మార్చాలని ఇప్పుడు వాదించడం వ్యర్థం. అయితే అది మోసుకొచ్చే అర్థాలను గుర్తించడం అవసరం.

తెలుగు పాఠకుడి స్మృతిలో బిలమంటే రామాయణమే. సీతను వెదుకుతూ వానరులు ప్రవేశించిన ఋక్షబిలం నుంచి లోపలికి వెళ్ళినవాడు తనంత తాను బయటకు రాలేడు. వాలి మాయావిని తరుముతూ దూరినదీ బిలమే. ఈ స్మృతి వల్ల మనకు మూడు భావాలు అయాచితంగా వస్తాయి. బిలానికి ముఖద్వారం ఉంటుంది. గోడలుంటాయి. లోపల ఖాళీ స్థలం ఉంటుంది. కృష్ణబిలానికి ఈ మూడూ లేవు. దాని సరిహద్దు అయిన ఘటనా దిగంతం అన్ని దిక్కులా ఉంటుంది. అక్కడ గోడ వంటి పదార్థం ఏదీ లేదు. తగినంత పెద్ద కృష్ణబిలమైతే దాన్ని దాటే వ్యక్తికి ఆ క్షణంలో ఏ తేడా తెలియదని సాధారణ సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది.

వికిరణం విషయంలో ఈ లోపం ముదురుతుంది. బిలం అనుకున్న పాఠకుడు వికిరణాన్ని ద్వారం గుండా లోపలినుంచి కారి వచ్చేదిగా ఊహించుకుంటాడు. వెలుగు సైతం తప్పించుకోలేదని ఒక వాక్యంలో, వికిరణం వెలువడుతుందని మరు వాక్యంలో చదివినప్పుడు ఆ రెండూ అతనికి పరస్పర విరుద్ధాలవుతాయి. రచయిత ఆ వైరుధ్యాన్ని ‘క్వాంటం వింత’ అని దాటవేస్తాడు. నిజానికి వింత ప్రకృతిది కాదు, పోలికది. ‘బిలం’ ఇక్కడ తన సొంత గుణాలతో పనిచేస్తోంది. కనుక అది రూపకమే, పరిణామం కాదు.

అయినా ఆ రామాయణ కథలోనే ఒక ఘట్టం ఉపయోగపడుతుంది. సుగ్రీవుడు బిలం బయట ఏడాది కాచుకున్నాడు. చివరికి నురుగుతో కూడిన నెత్తురు బయటకు వచ్చింది. అది ఎవరి నెత్తురో నెత్తురును చూసి చెప్పలేం. వాలి మరణించాడని నిర్ధారించుకొని సుగ్రీవుడు బిలాన్ని బండతో మూశాడు. ఆ నిర్ధారణ తప్పింది. బయటకు వచ్చినదాన్ని బట్టి లోపల ఏమి జరిగిందో చెప్పగలమా అన్నది ఆ ఘట్టంలోని ప్రశ్న. హాకింగ్ వికిరణం లేవనెత్తిన ప్రశ్న కూడా అదే. ఇక్కడ బిలం గోడల వల్ల కాక, బయట నిలిచినవాడి పరిమిత జ్ఞానం వల్ల పనికి వస్తోంది. ఒకే ఉపమానం ఒకచోట రూపకంగా నిలిచిపోయి, మరొకచోట పరిణామం కాగలదనడానికి ఇది నిదర్శనం.

4. జంటకణాల చిత్రం

పత్రికల విజ్ఞాన పుటల్లో, పోటీపరీక్షల పుస్తకాల్లో, వీడియో పాఠాల్లో తరచు కనిపించే వివరణ ఇది. శూన్యంలో కణం, ప్రతికణం జంటగా పుడుతూ, కలిసి నశిస్తూ ఉంటాయి. దిగంతం అంచున అలా పుట్టిన జంటలో ఒకటి లోపల పడుతుంది, రెండోది తప్పించుకుంటుంది. ఆ తప్పించుకున్నదే హాకింగ్ వికిరణం. హాకింగ్ స్వయంగా 1988 నాటి తన జనరంజక గ్రంథంలో ఈ చిత్రాన్ని వాడారు. కాని 1975లో వెలువడిన ఆయన మూల పరిశోధనపత్రం ఇటువంటి చిత్రాలు ఊహకు ఆసరా మాత్రమేనని, వాటిని యథాతథంగా తీసుకోరాదని హెచ్చరించింది. చిత్రం మన భాషలోకి వచ్చింది, హెచ్చరిక రాలేదు.

హెచ్చరిక ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతుంది. సూర్యుడంత ద్రవ్యరాశి గల కృష్ణబిలం వ్యాసార్ధం సుమారు 3 కిలోమీటర్లు. దాని ఉష్ణోగ్రతను బట్టి వికిరణంలో ప్రధానమైన తరంగదైర్ఘ్యం సుమారు 47 కిలోమీటర్లు. స్థూలంగా చెప్పాలంటే అమలాపురం పట్టణమంత గోళం నుంచి కోనసీమంత పొడవైన అల బయలుదేరుతోంది. అంత అల గోళం అంచున ఫలానా బిందువు దగ్గర పుట్టిందనడంలో అర్థం లేదు. వికిరణం దిగంతపు గీత మీద కాక, దాని చుట్టూ గోళం పరిమాణంతో పోల్చదగిన విశాల ప్రాంతంలో రూపుదిద్దుకుంటుందని తరువాతి విశ్లేషణలు చూపాయి.

ఇంకొక లోపం అంతకంటె ముఖ్యమైనది. ‘జంట’ అన్న మాటలో బంధం ఉంది. లోపలికి పోయినదానికీ బయటకు వచ్చినదానికీ మధ్య క్వాంటం అనుబంధం తెగదు. బయట ఉన్నదాన్ని ఎంత పరీక్షించినా సగం సమాచారమే దొరుకుతుంది. వికిరణం సాగేకొద్దీ ఇలాంటి తెగని బంధాలు పేరుకుపోతాయి. కృష్ణబిలం పూర్తిగా అంతరిస్తే ఆ రెండో సగాలు ఏమవుతాయి? మొత్తం వివాదానికి మూలం ఇదే. మన వివరణలు జంటను పుట్టించి, విడదీసి, ఒకదాన్ని బయటకు పంపి అక్కడితో ముగిస్తాయి. ఉపమానంలో ఉన్న ఒకే ఒక్క ఉపయోగకరమైన గుణాన్ని వదిలివేసి, అక్కరలేని అంచును, పరుగును నిలుపుకుంటాయి.

5. ‘ఆవిరి’

వికిరణం వల్ల కృష్ణబిలం ద్రవ్యరాశి తగ్గుతుంది. దీనికి ‘ఆవిరైపోవడం’ అన్న మాట స్థిరపడింది. నీరు ఆవిరి కావాలంటే వేడి బయటినుంచి అందాలి. ఆవిరవుతున్న నీరు చల్లబడుతుంది. కృష్ణబిలంలో జరిగేది దీనికి విరుద్ధం. అది శక్తిని కోల్పోయేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ మరింత త్వరగా కోల్పోతుంది. సూర్యుడంత ద్రవ్యరాశి గల కృష్ణబిలానికి ఈ క్రమం పూర్తి కావడానికి 2 పక్కన 67 సున్నాలు వేసినన్ని సంవత్సరాలు కావాలి. చిట్టచివరి ఘట్టం మాత్రం విస్ఫోటనం వలె ముగుస్తుంది. హాకింగ్ తొలి పత్రం శీర్షికలో ఉన్నది ఆవిరి కాదు, విస్ఫోటనమే. దాని చివర ప్రశ్నార్థకం కూడా ఉంది.

‘ఆవిరి’ చేసే మరో హాని, అంతంలో ఏమీ మిగలదని అడగకుండానే నిశ్చయించడం. హాకింగ్ గణనలో గురుత్వం క్వాంటం నియమాలకు లోబడనిది. పదార్థం మాత్రమే లోబడుతుంది. కృష్ణబిలం పెద్దదిగా ఉన్నంతకాలం ఆ మధ్యస్థ పద్ధతి సరిపోతుంది. దాని ద్రవ్యరాశి ప్లాంక్ ద్రవ్యరాశికి, అంటే ఒక గ్రాములో లక్షవంతులకు రెండు వంతులకు చేరినప్పుడు ఆ గణన చెల్లదు. అక్కడ గురుత్వమే క్వాంటం స్వభావాన్ని చూపాలి. అనిశ్చితత్వ సూత్రాన్ని గురుత్వానికి అనుగుణంగా విస్తరిస్తే వికిరణం ఆ స్థాయిలో ఆగి, చిన్న అవశేషం మిగలవచ్చునని ఆడ్లర్, చెన్, శాంటియాగో 2001లో వాదించారు. అవశేషం మిగలదన్న వాదాలూ ఉన్నాయి. ‘ఆవిరైపోయింది’ అన్న క్రియాపదం ఈ వివాదంలో ఒక పక్షానికి తీర్పు ఇచ్చేస్తోంది. ‘క్షయం’ అన్న మాట ఉంది. చంద్రుడి క్షయం అమావాస్యతో ముగిసినా అక్కడ చంద్రుడు ఉన్నాడో లేడో వేరే విచారించాలి. ‘కృష్ణబిల క్షయం’ అంటే తీర్పు ఇవ్వకుండా విషయం చెప్పినట్లవుతుంది.

6. ప్రవాహం

బిలానికి ప్రత్యామ్నాయం కోనసీమకు పరాయిది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా నీరు జారేచోట ఎగువన ప్రవాహం నిదానం, దిగువన వడి. నీటిమీద పుట్టిన అలకు తన వేగం తనకుంటుంది. ఎగువన పుట్టిన అల ఎటైనా పోగలదు. నీటి వడి అల వేగాన్ని మించిన చోట పుట్టిన అల ఎంత ప్రయత్నించినా ఎగువకు రాలేదు. రెండు వేగాలూ సమానమైన గీతే దిగంతం. అక్కడ గోడ లేదు, ద్వారం లేదు, నీరు తప్ప మరేమీ లేదు. ఆ గీత మీదుగా కొట్టుకుపోయే కొబ్బరికాయకు తాను ఏదో దాటిన జాడ తెలియదు. దిగంతం ఉన్నది అలకు మాత్రమే.

ఈ పోలిక కేవలం ఊహ కాదు. ధ్వని వేగాన్ని మించి ప్రవహించే ద్రవంలో ధ్వని తరంగాల సమీకరణం, కృష్ణబిలం చుట్టూ క్షేత్ర తరంగాల సమీకరణం ఒకే రూపంలో ఉంటాయని విలియం అన్రూ 1981లో చూపారు. ఎదురు ప్రవాహంలో అలలు నిలిచిపోవడం అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలిసే మొగల వంటి చోట్ల సంభవించేదే. వరదనీరు వడిగా సముద్రంలోకి తోసుకుపోయేటప్పుడు సముద్రపు అల నదిలోకి ఎక్కలేక ఉబ్బి విరుగుతుంది. ఇది కృష్ణబిలానికి కాలంలో తిరగవేసిన రూపం. ఏదీ లోపలికి పోలేని దిగంతం ఇది. కెనడాలోని వాంకూవర్‌లో 2011లో జరిగిన నీటితొట్టి ప్రయోగం సరిగ్గా ఇటువంటి ఏర్పాటునే వాడింది. ఎదురు ప్రవాహంలోకి పంపిన అలలు దిగంతం దగ్గర రెండు రకాల అలలుగా మారిన నిష్పత్తి హాకింగ్ సూత్రం చెప్పే ఉష్ణ నియమాన్ని అనుసరించింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో జెఫ్ స్టైన్‌హావర్ బృందం అతిశీతల రుబీడియం పరమాణువుల ప్రవాహంలో ధ్వని దిగంతాన్ని నిర్మించి, దాని వికిరణం ఉష్ణోగ్రతను 2019లో వెల్లడించింది.

ఈ పోలిక క్వాంటం గురుత్వ ప్రశ్న దాకా వెళుతుంది. జంటకణాల చిత్రం వెళ్ళదు. దిగంతం దగ్గరినుంచి వచ్చిన అలను కాలంలో వెనక్కి గుర్తిస్తూ పోతే అది అంతకంతకు కురచబడుతుంది. హాకింగ్ గణన ప్రకారం ఆ కురచకు హద్దు లేదు. మీటరులో 1 పక్కన 35 సున్నాలు గల సంఖ్య వంతున ఉండే ప్లాంక్ పొడవుకంటె కూడా అది చిన్నదైపోతుంది. అంత సూక్ష్మస్థాయిలో స్థలకాలం ఎలా ఉంటుందో తెలియకుండా వికిరణాన్ని ఎలా నమ్మాలి? నీటి విషయంలో జవాబు సులభం. నీరు అణువులతో ఏర్పడింది. అణువుకంటె కురచైన అల ఉండదు. అలలు కురచబడినప్పుడు వాటి నియమం మారుతుంది. అయినా దిగంతపు వికిరణం దాదాపు మారకుండా నిలుస్తుందా? టెడ్ జేకబ్సన్ 1991లో ఈ ప్రశ్నను పదునుపెట్టారు. కురచ అలల నియమాన్ని మార్చినా వికిరణం ఉష్ణ స్వభావం చెక్కుచెదరదని అన్రూ 1995లో గణించి చూపారు. స్థలకాలానికి ‘అణువులు’ ఉన్నా లేకున్నా పెద్ద కృష్ణబిలం ఉష్ణోగ్రత స్థూలంగా అంతే అన్న నమ్మకానికి ఇదొక ఆధారం.

ఇక్కడ ఉపమానం ఉపమేయంగా మారి పనిచేస్తోంది. నీరు తనకు గల తడి, చల్లదనం వంటి గుణాలతో కాక అలల నియమంతో మాత్రమే ఉపకరిస్తోంది. అందుకే ఇది పరిణామం. అయితే దీనికీ హద్దు ఉంది. అలలు ఎలా పయనిస్తాయో ప్రవాహం చెబుతుంది. ద్రవ్యరాశి స్థలకాలాన్ని ఎలా వంచుతుందో చెప్పదు. కృష్ణబిలం ఎంట్రోపీ దాని ఘనపరిమాణాన్ని కాక దిగంత వైశాల్యాన్ని అనుసరిస్తుందన్న నియమం నీటిలో దొరకదు. ఆ హద్దును పాఠకుడికి చెప్పడం రచయిత బాధ్యత.

7. మెట్లు, ప్రాస

ప్రవాహం ఆగిన చోట మిగిలిన ప్రశ్నలకు మన కళాసంప్రదాయాల్లో ఉపమానాలు లేకపోలేదు. రెండింటిని సూచిస్తాను.

మొదటిది వర్ణపటం గురించి. హాకింగ్ గణనలో వికిరణం అన్ని పౌనఃపున్యాల్లోనూ అవిచ్ఛిన్నంగా పరచుకొని ఉంటుంది. దిగంత వైశాల్యం క్వాంటం నియమానికి లోబడి సమాన అంగల్లో మాత్రమే మారగలదనుకుంటే, వికిరణం విడివిడి రేఖలుగా వెలువడాలని బెకెన్‌స్టైన్, ముఖానోవ్ 1995లో వాదించారు. ఫిడేలు మీద స్వరం ఎక్కడైనా నిలవవచ్చు. వీణకు మెట్లు ఉంటాయి. ఇక్కడ గమనించదగినదేమంటే ఈ మెట్ల ఎడం వికిరణపు ప్రధాన పౌనఃపున్యంతో సరితూగేంత పెద్దది. కనుక ఈ ఊహ నిజమైతే క్వాంటం గురుత్వ ప్రభావం చిట్టచివరి క్షణానికి పరిమితం కాక, పెద్ద కృష్ణబిలం వికిరణంలోనే కనిపించాలి. లూప్ క్వాంటం గురుత్వ సిద్ధాంతంలో వైశాల్య స్థాయిలు అత్యంత దట్టంగా ఉండటంతో రేఖలు కలిసిపోతాయన్న ప్రతివాదమూ వచ్చింది. మెట్లు ఉన్నాయా, ఉంటే అవి చెవికి తెలిసేంత ఎడంగా ఉన్నాయా అన్నదే వివాదం. వీణ ఉపమానం ఏ పక్షానికీ తీర్పు ఇవ్వకుండా ఇరుపక్షాలనూ మోయగలదు.

ఎంట్రోపీకి వచ్చే సవరణలు దీనికి భిన్నమైనవి. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో రొమేశ్ కౌల్, పార్థసారథి మజుందార్ 2000లో లూప్ పద్ధతి ద్వారా దిగంత వైశాల్యపు లాగరిథమ్‌కు ఒకటిన్నర రెట్లు తగ్గే సవరణను గణించారు. సూర్యుడంత కృష్ణబిలం ఎంట్రోపీ 1 పక్కన 77 సున్నాలంత సంఖ్య. ఆ సవరణ మూడు వందల లోపే. ఇంత చిన్నదాన్ని ఎందుకు పట్టించుకోవాలని పాఠకుడు అడగవచ్చు. జవాబు ఏమంటే, సిద్ధాంతాలను వేరుచేసి చూపేది ఈ చిన్న సంఖ్యే. అశోక్ సేన్ వేరొక పద్ధతిలో సాధించిన సవరణ ఈ లూప్ ఫలితంతో సరిపోలదు. వైశాల్యంలో నాలుగోవంతు అన్న ప్రధాన ఫలితం దగ్గర సిద్ధాంతాలు ఏకీభవిస్తాయి, తేడా సవరణలో బయటపడుతుంది.

రెండవది సమాచారం గురించి. వికిరణంలోని ఏ ఒక్క కణాన్ని పరీక్షించినా అందులో గుర్తింపు ఏమీ ఉండదు. మరి కృష్ణబిలం మింగిన సమాచారం శాశ్వతంగా పోయిందా? పద్యంలోని ప్రాస దీనికి దారి చూపుతుంది. ఒక పాదంలోని రెండో అక్షరాన్ని విడదీసి చూస్తే అది ప్రాసాక్షరమని చెప్పలేం. అది ఏ అక్షరమైనా కావచ్చు. నాలుగు పాదాలూ పక్కపక్కన పెట్టినప్పుడే నియమం బయటపడుతుంది. ప్రాస అక్షరంలో లేదు, అక్షరాల మధ్య సంబంధంలో ఉంది. డాన్ పేజ్ 1993లో చూపింది ఇటువంటిదే. సమాచారం నశించకపోతే అది తొలి సగం వికిరణంలో దాదాపు కనబడదు. ఆ తరువాత వెలువడే వికిరణానికీ తొలి వికిరణానికీ మధ్య సంబంధాల రూపంలో క్రమంగా బయటకు వస్తుంది. మొదటి పాదం ఒక్కటే చదివి పద్యానికి ప్రాస లేదనడం తొందరపాటు.

అయితే ప్రతి కణంలో చిన్న మార్పు చేసినంత మాత్రాన ఈ ప్రాస కుదరదని సమీర్ మాథుర్ 2009లో నిరూపించారు. హాకింగ్ గణనకు చిన్న చిన్న సవరణలు ఎన్ని చేర్చినా సమాచారం తిరిగి రాదు. దిగంతం గురించిన మన భావనే ఎక్కడో మౌలికంగా మారాలి. 2019లో పెనింగ్టన్, అతనికి సమాంతరంగా ఆల్‌మ్హెయిరీ తదితరులు కొన్ని సరళ నమూనాల్లో పేజ్ చెప్పిన క్రమాన్ని గణన ద్వారా రాబట్టారు. ఆ గణన ప్రకారం కృష్ణబిలం లోపలి ప్రాంతంలో కొంత భాగాన్ని బయటి వికిరణానికి చెందినదిగానే లెక్కించాలి. లోపల, బయట అన్న విభజనే ఇక్కడ సడలుతోంది. ‘బిలం’ ఉపమానం పూర్తిగా కూలిపోయేదీ ఇక్కడే. గోడలున్న బిలంలో లోపలిది బయటిది కాలేదు.

8. తెలుగు వచనం ముందున్న పని

ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. కోనసీమలోని డిగ్రీ కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఇప్పుడు తెలుగు ఒక భాషాపాఠం మాత్రమే. శాస్త్రాన్ని అతడు ఇంగ్లీషులో చదువుతాడు, తనకు అర్థమైనదాన్ని తెలుగులో ఆలోచిస్తాడు. ఆ ఆలోచనకు అందుబాటులో ఉన్న తెలుగు వచనం అరువు ఉపమానాలతో నిండి ఉంటే అతని అవగాహన అక్కడే ఆగిపోతుంది. పాఠ్యపుస్తకం బాధ్యత తప్పిన తరువాత తెలుగు విజ్ఞాన వచనం బాధ్యత తగ్గలేదు, పెరిగింది. దాన్ని సాహిత్య ప్రక్రియగా గుర్తించి విమర్శించవలసిన బాధ్యత తెలుగు శాఖలదే.

నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటి శాస్త్రవేత్త రచయితలు మనకు ఒక వచన సంప్రదాయాన్ని ఇచ్చారు. వారి పుస్తకాలను విజ్ఞానం కోసం చదివాం, వచన శిల్పం కోసం చదవలేదు. హాకింగ్ వికిరణాన్ని ‘కథ’ పద్ధతిలో చెబితే ఎలా ఉంటుందో ఆలోచించవచ్చు. కృష్ణబిలంలో పడిన వేడి ఏమవుతుందని జేకబ్ బెకెన్‌స్టైన్ అడిగారు. దిగంత వైశాల్యమే ఎంట్రోపీకి కొలత అని 1972–73లో ప్రతిపాదించారు. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రత ఉండాలి, ఉష్ణోగ్రత ఉంటే వికిరణం ఉండాలి, కృష్ణబిలం నుంచి అది అసాధ్యం కనుక బెకెన్‌స్టైన్ పొరబడ్డారని హాకింగ్ భావించారు. గణన చేసి చూసినప్పుడు వికిరణం కనిపించింది. ఈ క్రమంలో చెబితే జంటకణాల అవసరమే రాదు. వైశాల్యం ఎంట్రోపీ అయితే అది దేని లెక్క, దిగంతాన్ని కూర్చిన అణువులేమిటి అన్న ప్రశ్న పాఠకుడికే తడుతుంది. అదే క్వాంటం గురుత్వ ప్రశ్న.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. హాకింగ్ వికిరణాన్ని వివరించే తెలుగు వచనంలో ‘బిలం’, ‘జంటకణాలు’, ‘ఆవిరి’ తమ సొంత గుణాలతో పనిచేస్తూ రూపకాలుగా మిగిలిపోతున్నాయి. గోడ, అంచు, సంపూర్ణ నాశనం అనే మూడు అపభావనలకు అవే మూలం.

2. జగన్నాథ పండితరాయలు చేసిన రూపక–పరిణామ విభజన విజ్ఞాన వచనంలోని ఉపమానాలను పరీక్షించడానికి ఉపయోగపడే సాధనం. ప్రవాహం, వీణ మెట్లు, ప్రాస ఆ పరీక్షకు నిలిచే ఉపమానాలు. ప్రతి ఉపమానానికీ హద్దు ఉంటుంది. ఆ హద్దును చెప్పకపోతే పరిణామం మళ్ళీ రూపకంగా దిగజారుతుంది.

3. తేలని ప్రశ్నను తేలనిదిగానే పాఠకుడికి అందించడానికి నళినీమోహన్ ‘కథ’ పద్ధతి నేటికీ అనుసరణీయం.

4. క్వాంటం గురుత్వ సిద్ధాంతం ఇంకా పూర్తి కాలేదు. అది ఏ రూపంలో పూర్తవుతుందో ముందే నిర్ణయించే పదాలను మన వచనం వాడరాదు. ‘ఆవిరైపోవడం’ స్థానంలో ‘క్షయం’ అన్న పదాన్ని ఈ వ్యాసం ప్రతిపాదించింది అందుకే.

సుగ్రీవుడు తొందరపడి బండ మూశాడు. మన విజ్ఞాన వచనం ఆ పని చేయకూడదు.